కడుక్కుంటామని చేతులెత్తిన పిల్లలు కొళాయి దగ్గర ఎందుకు మారిపోతున్నారు?

పొదిలి_పంతులమ్మ
పొదిలికి పడమరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని మా పిల్లలకు తెలియదని ఎవరూ అనలేరు. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు అంటూ వరుస తప్పకుండా ఎక్కంలాగా అప్పజెబుతారు. ప్రతి ఏటా అక్టోబరు 15న చేతుల శుభ్రత దినం జరిపి, వరుసలో నిలబెట్టి ఫొటోలు తీసి పైకి పంపిస్తాము. పోయిన సోమవారం "రేపు అన్నానికి ముందు సబ్బుతో కడుక్కునేవాళ్ళు చేయెత్తండి" అన్నాను. తరగతి మొత్తం ఎత్తింది, ఒకడు రెండు చేతులూ ఎత్తాడు. మంగళవారం వంటగది కిటికీ వెనుక నిలబడి చూశాను. సబ్బు ముట్టినవాళ్ళను ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చు. మిగిలినవాళ్ళలో కొందరు కుడిచేతిని నీళ్ళ కింద ఆడించి బట్టలకు తుడుచుకున్నారు, కొందరు అదీ చేయలేదు. రెండు చేతులూ ఎత్తినవాడు కొళాయి వైపే రాలేదు. వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. చేయెత్తిన క్షణంలో నిజంగానే కడుక్కోవాలనుకున్నారు. ఆ అనుకోవడానికీ మరునాటి మధ్యాహ్నానికీ నడుమ ఏమి జరుగుతున్నదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

గుండ్లకమ్మ_గట్టు
అసలు సబ్బు ఉన్నదా, ముందు అది చెప్పండి. నేను పనిచేసిన బడిలో ఉదయం పెట్టిన సబ్బు బిళ్ళ మధ్యాహ్నానికి మాయమయ్యేది. పిల్లలను అనుమానించి వారం రోజులు విచారణ జరిపిన తరువాత, ఎదురింటి పెంకుల మీద కాకి దానిని కాళ్ళ కింద అదిమిపెట్టి పొడుస్తూ దొరికింది.

పొదిలి_పంతులమ్మ
సబ్బు ఉన్నది. కాకి సంగతి మాకూ అనుభవమే కాబట్టి పాత మేజోడులో వేసి కొళాయి మెడకు కట్టాము. కొళాయిలు నాలుగు ఉన్నాయి, నీళ్ళూ వస్తున్నాయి. అందుకే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

ఒంగోలు_పరిశీలకుడు
మీరు అడిగినదానికి ఒక పాత చట్రం ఉన్నది. ఐసెక్ ఐజెన్ అనే సామాజిక మనోవైజ్ఞానికుడు 1991లో విపులంగా ప్రకటించిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం ప్రకారం, ఒక పని చేయాలన్న సంకల్పం మూడింటి మీద ఆధారపడుతుంది. ఆ పని మంచిదా, హాయిగా ఉంటుందా అన్న వైఖరి మొదటిది. తనకు ముఖ్యులైనవారు తాను ఆ పని చేయాలని కోరుకుంటున్నారా అన్న భావన రెండవది. చేయడం తన చేతిలో ఉన్నదా అన్న నమ్మకం మూడవది. ఈ మూడవదానికి ఒక ప్రత్యేకత ఉన్నది. అది సంకల్పాన్ని మాత్రమే కాకుండా పనిని కూడా నేరుగా ప్రభావితం చేయగలదు, ఎందుకంటే చేయాలని ఎంత బలంగా అనుకున్నా చేసే వీలు లేనివాడు చేయడు. మీరు సోమవారం కొలిచినది సంకల్పాన్ని మాత్రమే. బడిలో మనం పెట్టే పాఠాలు, పాటలు, పోటీలు అన్నీ మొదటిదైన వైఖరి మీదే పడతాయి. మిగిలిన రెండూ తరగతి గదిలో కాకుండా కొళాయి దగ్గర తేలే విషయాలు.

ఇంకొక మాట. పంతులమ్మగారు ఎదురుగా నిలబడి చేయెత్తమంటే ఎత్తని పిల్లవాడు ఈ జిల్లాలో ఉంటాడా? కళ్ళు మూయించి అడిగి చూడండి.

చీరాల_అంచు
కళ్ళు మూయించినా వేళ్ళ సందులోంచి చూస్తారు. నేను అలా చూసినవాణ్ణే.

కావలి_వాసంతి
సిద్ధాంతం సరే కానీ, ఇంట్లో ఏమి చూస్తున్నారన్నది దానికన్నా ముందు వస్తుంది. మన ఇళ్ళలో అన్నానికి ముందు చేయి "తడుపుకుంటాము", అన్నం తిన్న తరువాత చేయి "కడుక్కుంటాము". తిన్న చేయి ఎంగిలి చేయి, దానితో నీళ్ళ బిందె ముట్టుకుంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. నెయ్యి జిడ్డు, చేపల పులుసు వాసన పోయేదాకా సబ్బు పెట్టి తోముకుంటాము. తినకముందు చేతికి వాసన లేదు, జిడ్డు లేదు, ఎంగిలి లేదు, అందువల్ల అది శుభ్రంగానే ఉన్నట్టు లెక్క. అది కూడా కుడిచేయి ఒక్కటే, ఎందుకంటే తినేది దానితోనే కదా. ఒక పిల్లవాడు రెండు చేతులకూ సబ్బు పెట్టుకుంటే మా ఇంట్లోనే "పెళ్ళికి పోతున్నావా?" అని అడుగుతారు. ఇంట్లో పుట్టినప్పటి నుంచి చూసిన ఈ వరుసను బడిలో ఒక గోడపత్రిక తలకిందులు చేస్తుందని నేను నమ్మను.

ఏఎన్‌ఎం_అక్క
వాసంతిగారు చెప్పిన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి నేను ఇంకొకటి చేరుస్తాను. పిల్లలు తరగతిలో వేలు చూపించి "ఒంటికి" అనీ రెండు వేళ్ళు చూపించి "రెంటికి" అనీ అడుగుతారు కదా. రెంటికి వెళ్ళివచ్చినవాడు కడుక్కోవాలని అనుకుంటాడు, ఒంటికి వెళ్ళివచ్చినవాడు అసలు అనుకోడు. కానీ ఇద్దరూ ముట్టుకున్నది ఒకే గడియ, ఒకే చెంబు.

ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల దినం నాడు మేము 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తాము. ఆ మాత్ర లోపల ఉన్న పురుగులను చంపుతుందే తప్ప మళ్ళీ లోపలికి పోకుండా ఆపలేదు. రాత్రిపూట దురద పెట్టించే సన్న పురుగుల గుడ్లు గోకిన గోళ్ళలో చేరి, కొన్ని గంటల్లోనే అంటించే శక్తి పొందుతాయి. ఏలికపాముల గుడ్లు మట్టిలో వారాల తరబడి పండి, జిగురుగా వేళ్ళకు పట్టుకుంటాయి. ఉత్త నీళ్ళకు ఆ జిగురు సులభంగా వదలదు. ఇది తల్లులకు చెబితే తల ఊపుతారు, పిల్లలకు చెబితే "ఛీ" అంటారు. నా అనుభవంలో ఆ "ఛీ" అన్నవాళ్ళే కొళాయి దగ్గరకు వెళతారు.

ఒంగోలు_పరిశీలకుడు
ఏఎన్‌ఎం అక్క చివరి వాక్యానికి మన రాష్ట్రంలోనే ఆధారం ఉన్నది. చిత్తూరు జిల్లాలో 14 గ్రామాలను తీసుకొని, వాటిలో ఏడింటిలో "సూపర్ అమ్మ" అనే ప్రచారాన్ని నడిపి, మిగిలిన ఏడింటితో పోల్చి, ఆ ఫలితాలను 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రకటించారు. అందులో రోగాల గురించి, క్రిముల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. అసహ్యం, బిడ్డను మంచి పద్ధతులతో పెంచాలన్న తల్లి కోరిక, నలుగురూ చేస్తున్నారన్న భావన, వీటి మీదే కథలు, ఆటలు, ప్రతిజ్ఞలు నడిపారు. మొదట రెండు వర్గాల గ్రామాల్లోనూ ముఖ్యమైన సందర్భాలలో సబ్బుతో కడుక్కునేది నూటికి ఒకటి రెండు సార్లే. ఆరు నెలలకు ప్రచారం జరిగిన ఊళ్ళలో అది 37 శాతానికి చేరింది, జరగని ఊళ్ళలో 6 శాతం దగ్గర ఉన్నది. ఇళ్ళలో కూర్చొని కంటితో చూసి లెక్కించిన అంకెలు ఇవి, చేయెత్తమని అడిగి రాసుకున్నవి కావు.

మార్కాపురం_పలక
37 అంటే మిగిలిన 63 సార్లు కడుక్కోలేదన్నమాట. ఇంత గొప్ప ప్రచారానికి కూడా మూడింట రెండు వంతులు లొంగకపోతే, మనం ఒక మేజోడు కట్టి అద్భుతం జరగలేదని బాధపడటం అన్యాయం.

ఒంగోలు_పరిశీలకుడు
అన్యాయమే. కానీ మొదలైన చోటు కూడా చూడాలి కదా.

కనిగిరి_బోరు
ఇంతమంది మనసుల గురించి మాట్లాడుతున్నారు, నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేమి? మా వైపు ఫ్లోరైడు నీళ్ళు. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది, చేయి జిగటగా ఉండిపోతుంది. ఒకసారి అలా అయిన పిల్లవాడు రెండోసారి సబ్బు ముట్టుకోడు. వైఖరి అంటే ఇదే కదా, హాయిగా లేని పనిని ఎవరు కోరుకుంటారు?

పెన్నా_రసాయనం
ఒక సవరణ. నురగ రాకపోవడానికీ తెట్టు కట్టడానికీ ఫ్లోరైడు కారణం కాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారడం వల్ల అలా జరుగుతుంది, అటువంటి నీటినే కఠినజలం అంటాము. చాలా చోట్ల ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరు నీటిలో కాల్షియం తక్కువగా ఉంటుంది కూడా. మీ ఊరిలో రెండూ కలిసి ఉండవచ్చు, లేదా రెండు బోర్ల నీళ్ళను మీరు ఒకటిగా తలచి ఉండవచ్చు. ఫ్లోరైడు విషయంలో భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. ఆ హద్దు తాగే నీటికి సంబంధించినది. అటువంటి నీటితో చేతులు కడుక్కుంటే ఎముకలకు ఏమీ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "ఆ నీళ్ళు మంచివి కావు" అని ఇంట్లో విన్న పిల్లలు వాటిని ముట్టుకోవడానికే జంకుతున్నారు.

కనిగిరి_బోరు
సవరణను ఒప్పుకుంటున్నాను. జంకుతున్న మాట మాత్రం నిజం. మా అన్న కూతురు బడిలో చేయి కడుక్కోమంటే "ఆ నీళ్ళకు కాళ్ళు వంకరపోతాయి" అన్నది. మా తాత కాళ్ళు చూస్తూ పెరిగిన పిల్ల, దానికి నేను ఏమి చెప్పను?

ఏఎన్‌ఎం_అక్క
తాగడానికి క్యాను నీళ్ళు, చేతులకు బోరు నీళ్ళు అని విడదీసి చూపించండి. మా ఉపకేంద్రం పరిధిలో ఒక బడిలో కొళాయిల మీద నీలం రంగుతో చేయి బొమ్మ, క్యాను మీద గ్లాసు బొమ్మ వేయించారు. అది చూసిన తరువాత పిల్లలే ఒకరికొకరు చెప్పుకున్నారు.

పెన్నా_రసాయనం
నురగ రాని చోట సబ్బు బిళ్ళకు బదులు సబ్బు నీళ్ళ సీసా పెట్టవచ్చు. లీటరున్నర నీటిలో 30 గ్రాముల బట్టల పొడి కలిపి, మూతకు రంధ్రం చేసిన సీసాలో పోయడం బంగ్లాదేశ్‌లో ప్రయత్నించిన పద్ధతి. బట్టల పొడి కఠినజలంలో కూడా పనిచేస్తుంది. కాకికీ పనికిరాదు.

గుండ్లకమ్మ_గట్టు
మా కాకిని మీరు తక్కువ అంచనా వేస్తున్నారు.

ఇంటరు_రెండో_ఏడు
నేను ఇప్పుడు నెల్లూరులో చదువుతున్నాను కానీ ఉన్నత పాఠశాల ఉదయగిరి వైపు పూర్తి చేశాను. ఇక్కడ రాసినవాళ్ళందరూ పెద్దవాళ్ళు కనుక పిల్లల వైపు నుంచి ఒక మాట. ఆరో తరగతిలో చేరిన వారం నేను సబ్బుతో కడుక్కుంటూ ఉంటే, తొమ్మిదో తరగతి అన్న ఒకడు "ఆపరేషన్‌కు టైమయింది, డాక్టరుగారూ" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ తరువాత ఆ బడిలో నేను ఎన్నడూ సబ్బు ముట్టుకోలేదు. సబ్బుతో కడుక్కోవాలని నాకు తెలుసు, కావాలనీ ఉన్నది, సబ్బు ఎదురుగానే వేలాడుతున్నది. ఇంకో సంగతి, మా వరుసలో వెనుక ఉన్నవాళ్ళకు గుడ్డు చిన్నది వస్తుందని ఒక నమ్మకం ఉండేది. ఇరవై క్షణాలు సబ్బు రుద్దుకుంటే ముగ్గురు దాటిపోతారు. నా మట్టుకు ఆ లెక్క చాలా ముఖ్యమైనది.

ఒంగోలు_పరిశీలకుడు
నేను మూడు పేరాలలో చెప్పలేకపోయినది ఈ అబ్బాయి "డాక్టరుగారూ" అన్న ఒక్క మాటలో చెప్పాడు. "ముఖ్యులైనవారు" అంటే మనం అమ్మనూ పంతులునూ తలచుకుంటాము, పదకొండేళ్ళ పిల్లవాడికి ముఖ్యుడు ఆ తొమ్మిదో తరగతి అన్న.

కావలి_వాసంతి
బాబూ, ఆ అన్న చేత కడిగిస్తే?

ఇంటరు_రెండో_ఏడు
మేము తొమ్మిదికి వచ్చేసరికి మా పీఈటీ సారు కబడ్డీ జట్టు మొత్తం ఆట తరువాత అన్నానికి ముందు కడుక్కోవాలని నియమం పెట్టారు. జట్టు కడుక్కుంటే ఎవరు నవ్వుతారు? అప్పుడు చిన్నపిల్లలు జట్టు పక్కన నిలబడటానికే కొళాయి దగ్గరకు వచ్చేవారు. కానీ నేను జట్టులో లేను.

సుద్దముక్క_సైన్సు
నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నీళ్ళలో మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు ముంచగానే పొడి పక్కలకు పరుగెత్తడం చూపించి "క్రిములు ఇలాగే పారిపోతాయి" అని ఏళ్ళ తరబడి చెప్పాను. నిరుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె "సార్, పొడి పారిపోయింది కానీ గిన్నెలోనే ఉంది కదా, క్రిమి కూడా చేతి మీదే పక్కకు పోతుందా?" అని అడిగింది. నిజానికి ఆ ప్రయోగం చూపించేది సబ్బు వల్ల నీటి తలతన్యత తగ్గడాన్ని మాత్రమే. సబ్బు చేసే పని వేరు. అది జిడ్డును, దానికి అంటుకున్న మురికిని పట్టుకొని నీటితో పాటు పోయేలా చేస్తుంది, అందుకే రుద్దడమూ కావాలి, ధారగా కడగడమూ కావాలి. తప్పు పాఠం చెప్పి సంకల్పం కలిగిస్తే, ప్రశ్న అడిగే పిల్లల దగ్గర అది నిలబడదు. ఇప్పుడు నేను ఒక పిల్లవాడి అరచేతికి పసుపూ నూనె కలిపి రాసి, తరగతిలో అందరికీ చేయి కలపమంటున్నాను. గంట గడిచేసరికి పసుపు పుస్తకాల మీద, బల్లల మీద, ఒకసారి నా చొక్కా మీద కూడా కనిపించింది. ఉత్త నీళ్ళకు పోదు, సబ్బుకు చాలావరకు పోతుంది.

చీరాల_అంచు
కరోనా కాలంలో పిల్లలు రోజుకు పదిసార్లు కడుక్కున్నారు. 2020 నవంబరులో బడులు తెరిచినప్పుడు గేటు దగ్గరే శానిటైజరు పోసేవారు. ఆ అలవాటు ఎటు పోయింది?

ఏఎన్‌ఎం_అక్క
భయంతో వచ్చిన అలవాటు భయంతోనే పోయింది. అప్పుడు గేటు దగ్గర ఒక మనిషి నిలబడి పోసేవాడు, ఇప్పుడు ఆ మనిషి లేడు. పైగా శానిటైజరు రుద్దుకున్న పిల్లలు మట్టి చేతుల మీదే రుద్దుకున్నారు, మట్టి పట్టిన చేతులకు అది సరిగా పనిచేయదు.

మార్కాపురం_పలక
ఖరీదైన క్రిమినాశక సబ్బు లేకపోతే ప్రయోజనం లేదని మా ఊళ్ళో ఒక తండ్రి సమావేశంలో వాదించాడు. కరాచీ మురికివాడలలో జరిపిన అధ్యయనం 2005లో లాన్సెట్‌లో వచ్చింది, అందులో సబ్బుతో చేతులు కడిగించిన ఇళ్ళలో పదిహేనేళ్ళలోపు పిల్లల విరేచనాలు సగానికి పైగా తగ్గాయి, మామూలు సబ్బుకూ క్రిమినాశక సబ్బుకూ తేడా కనిపించలేదు. ఈ సంగతి ఆయనకు చెబితే "కరాచీ మాట మనకెందుకు" అన్నాడు. ఇక నేనేమీ మాట్లాడలేదు.

ఆయమ్మ_కొడుకు
మా అమ్మ ఒక బడిలో ఆయాగా పనిచేస్తుంది. పైన రాసినవన్నీ చదివి వినిపించాను. అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: "కడుక్కునేటప్పుడు పళ్ళెం ఎక్కడ పెడతారంట?"

పొదిలి_పంతులమ్మ
అమ్మగారి ప్రశ్న నాకు మొదట అర్థం కాలేదు. ఈ రోజు మధ్యాహ్నం మళ్ళీ కిటికీ వెనుక నిలబడ్డాను. గంట కొట్టగానే పిల్లలు సంచీలోంచి పళ్ళెం తీసుకొని కొళాయి దగ్గరకు వస్తున్నారు, దానిని కడుగుతున్నారు, కడిగిన పళ్ళేన్ని ఎడమచేతిలో పట్టుకొని ఉన్నారు. కింద పెడితే మట్టి, చంకలో పెట్టుకుంటే చొక్కా తడుస్తుంది, స్నేహితుడికి ఇస్తే వాడి చేతిలోనూ పళ్ళెమే. మిగిలినది ఒక్క కుడిచేయి. ఒక్క చేతితో మేజోడులోని సబ్బును రుద్దుకోవడం ఎవరికైనా సాధ్యమేనా? ఇన్నేళ్ళుగా నేను వైఖరి పాఠాలు చెబుతూ వచ్చాను, వాళ్ళకు లేనిది రెండో చేయి.

ఒంగోలు_పరిశీలకుడు
చేయడం తన చేతిలో ఉన్నదా అన్న ఆ మూడవ అంశాన్ని ఇంత పచ్చిగా ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గుండ్లకమ్మ_గట్టు
2019లో మన ఒంగోలులోనే మొదలైన నాడు-నేడు బడుల బాగుసేత పథకంలో మరుగుదొడ్లు వచ్చాయి, నీళ్ళు వచ్చాయి, బల్లలు వచ్చాయి. కొళాయి పక్కన పళ్ళెం పెట్టే దిమ్మె ఏ అంచనాలోనూ ఉన్నట్టు నాకు గుర్తు లేదు. పంతులమ్మగారూ, నాలుగు సిమెంటు ఇటుకలు, ఒక పాత కడప బండ చాలు, సాయంత్రానికి అయిపోతుంది.

సుద్దముక్క_సైన్సు
దిమ్మె దాకా అడుగుల గుర్తులు కూడా వేయండి. బంగ్లాదేశ్‌లో రెండు ప్రాథమిక పాఠశాలలలో మరుగుదొడ్డి నుంచి కొళాయి దాకా రంగుతో పాదాలు, కొళాయి దగ్గర అరచేతులు చిత్రించారు. పాఠం ఏమీ చెప్పలేదు. సబ్బుతో కడుక్కునేవాళ్ళు 4 శాతం నుంచి మరునాటికే 68కి, ఆరు వారాలకు 74కి చేరారని 2016లో ప్రకటించారు.

మార్కాపురం_పలక
రెండు బడులు, ఆరు వారాలు. మన ఎండకు రంగు అంతకన్నా ముందే పోతుంది. నేను పాదాలను కాదనడం లేదు, వాటినే మందు అనుకోవద్దని మాత్రమే అంటున్నాను. రంగు పోయాక ఎవరు వేస్తారన్నది కూడా ముందే తేల్చుకోండి.

కావలి_వాసంతి
పంతులమ్మగారిని ఒకటి అడగాలని మొదటి నుంచీ ఉన్నది, ఏమీ అనుకోకండి. మీరు ఎక్కడ కడుక్కుంటారు?

పొదిలి_పంతులమ్మ
అనుకోను. కార్యాలయం గదిలో సీసా నీళ్ళతో, కిటికీలోంచి చేయి బయటకు పెట్టి కడుక్కుంటాను. స్పూనుతో తింటాను. పిల్లలు నన్ను ఎప్పుడూ చూసి ఉండరు.

పొదిలి_పంతులమ్మ
మూడు వారాల తరువాత రాస్తున్నాను. బండ వేయించాము, పళ్ళేలు దాని మీద బోర్లిస్తున్నారు. ఒకటో తరగతివాళ్ళకు కొళాయి అందడం లేదని అప్పుడు తెలిసింది, కింద ఒక రాయి వేశాము. వడ్డన వరుసను తరగతుల వారీగా రోజూ మారుస్తున్నాము, అందువల్ల వెనుకబడితే చిన్న గుడ్డు వస్తుందన్న బెంగ కొంత తగ్గింది. నేనూ పిల్లలతో పాటు అదే కొళాయి దగ్గర కడుక్కుంటున్నాను. ఇప్పుడు సబ్బు ముట్టేవాళ్ళు సగానికి పైగా ఉన్నారని చెప్పగలను. ముట్టనివాళ్ళలో ఎక్కువమంది ఐదో తరగతి మగపిల్లలు, కబడ్డీ జట్టు ఆలోచన వాళ్ళ కోసం అట్టిపెట్టుకున్నాను. ఒంటికి వెళ్ళివచ్చినవాళ్ళలో మాత్రం మార్పు ఏమీ లేదు. రెండు చేతులూ ఎత్తినవాడు నిన్న సబ్బుతో కడుక్కున్నాడు, తరువాత ఆ తడి చేతులను నేల మీది దుమ్ములో అద్ది గోడ మీద రెండు ముద్రలు వేశాడు. తువ్వాలు పెట్టాలా, గాలికి ఆరనివ్వాలా అన్నదాని మీద ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

ఆయమ్మ_కొడుకు
తువ్వాలు వద్దని అమ్మ చెబుతున్నది. అందరూ ఒక్కదానికే తుడుచుకుంటే రెండో రోజుకు అది నేల తుడిచే గుడ్డ కన్నా హీనంగా తయారవుతుందట. వడ్డించే చోటు దాకా చేతులు విదిలించుకుంటూ నడిపించమన్నది.